మాసాయి పల్లెలలో వైద్యసేవ

ఆఫ్రికా ఖండమునకు తూర్పుభాగమున కెన్యా, టాంజానియా అను రెండు దేశములు కలవు. ఈ రెండింటి సరిహద్దునకు ఇరువైపుల, ఎండిన గడ్డిబయళ్లలోను, అగ్నిపర్వతముల సానువులలోను పశువులను మేపుకొని జీవించు జనులు మాసాయిలు. పొడవైన శరీరము, భుజముపై షూకా అనబడు ఎర్రని గళ్ల వస్త్రము, చేతిలో కర్ర, ముందు నడచు మంద, వెనుక లేచు ధూళి: ఇది దూరమునుండి చూచువారికి కనబడు మాసాయి. వారి భాష పేరు ‘మా’. తెలుగువాడు పలుకు ‘మా’ కును దీనికిని సంబంధమేమియు లేదు గాని, ఆ మాటను తలచినప్పుడెల్ల తెలుగు విద్యార్థికి ఒక చిరునవ్వు రాక మానదు.

టాంజానియా ఉత్తరభాగమున న్గోరోంగోరో అను గొప్ప అగ్నిబిలము కలదు. పూర్వమెన్నడో ఒక మహాపర్వతము తనలోనికి తానే కూలిపోగా ఏర్పడిన గొయ్యి అది. దాని లోతు సుమారు 600 మీటర్లు. అడుగుభాగపు విస్తీర్ణము సుమారు 260 చదరపు కిలోమీటర్లు. 1959లో సెరెంగెటి వనమునుండి మాసాయిలను వెలుపలికి పంపినప్పుడు, ఈ బిలమును దాని చుట్టుపట్ల భూములను వేరుచేసి, అచ్చట పశుపాలకులును వన్యమృగములును కలిసి బ్రతుకవచ్చునని ప్రభుత్వము నిర్ణయించెను. ఆ భూములలో, బిలమునకు నైరుతి దిక్కున, ఎండులెన్ అను పల్లె ఉన్నది. ఆ పల్లెయందొక మిషను ఆసుపత్రి వెలసినది. గుంటూరులోను, డిచ్‌పల్లిలోను మిషను ఆసుపత్రులు వెలసిన రీతినే, దూరదేశమునుండి వచ్చినవారు కట్టిన ఆసుపత్రి ఇది. దీనిని నిర్మించినవాడు హెర్బర్ట్ వాట్షింగర్ అను ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన మతగురువు, వైద్యుడు కూడ. ఉత్తరమున లోలియోండో ప్రాంతమందలి వాస్సో ఆసుపత్రియు ఆయన నెలకొల్పినదే.

ఎండులెన్ దాపుననే లేటోలి అను చోటు కలదు. 1978లో మేరీ లీకీ నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు అచ్చట, సుమారు 36 లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతపు బూడిదపై రెండు కాళ్లతో నడచిన ప్రాణుల పాదముద్రలను కనుగొనిరి. నడక ఆ నేలకు క్రొత్త కాదు. ఆసుపత్రికి వచ్చు రోగులలో పెక్కురు నడచియే వచ్చెడివారు. ఒక పగలెల్ల నడచినవారు కొందరు, రాత్రి దారిలో గడిపి మరునాడు చేరినవారు కొందరు. దారిలో అడవిదున్నలుండును, ఏనుగులుండును, హైనాలుండును. ప్రసవవేదన పడుచున్న స్త్రీ రాత్రివేళ ఇల్లు వెడలుట ఎట్టి సాహసమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

మాసాయి పల్లెను ఎన్‌కాంగ్ అందురు; స్వాహిలీ భాషలో బోమా అని వాడుక. ముళ్లకంపను గుండ్రముగా నాటి, రాత్రివేళ ఆ కంచె నడుమ పశువులను నిలుపుదురు. ఇండ్లు కట్టుట స్త్రీల పని. కొమ్మలు పాతి, వంచి, మట్టితోను ఆవుపేడతోను మెత్తుదురు. కిటికీ అనునది చేయి దూరునంత సందు మాత్రమే. లోపల పొయ్యి రగులుచునే ఉండును. పేడతో ఇల్లలుకుట నెరిగిన తెలుగు బాలునకు ఆ గోడల వాసన వింతగా తోపదు. పొగ మాత్రము కండ్లు తెరువనీయదు. ఆసుపత్రికి వచ్చు రోగములలో సగము ఈ ఇంటిని ఒకమారు చూచినవానికి తేటపడును. పొగవలన దగ్గు, నిప్పు ప్రక్కనే నిదురించు పసిపిల్లలకు కాలిన గాయములు, పశువుల వెంట ముసురు ఈగలవలన ట్రకోమా అను కంటిజబ్బు. ఈ జబ్బు ముదిరినచో రెప్పల వెండ్రుకలు లోపలికి తిరిగి కనుగ్రుడ్డును గీరును. తుదకు చూపు పోవును. ముఖము కడుగుకొనిన దీనిని చాలవరకు నివారింపవచ్చునని పుస్తకములు చెప్పును. అయితే బిందెడు నీటికై గంటలకొలది నడచు తల్లి ఆ నీటిని ముందు దూడకు పోయవలెనా, బిడ్డ ముఖమునకు పోయవలెనా అను ప్రశ్న పుస్తకములలో నుండదు.

ఇట్టి ఆసుపత్రులకు ఐరోపానుండియు, అమెరికానుండియు, ఇతర దేశములనుండియు స్వచ్ఛందసేవకులు వచ్చుట కలదు. వారిలో వైద్యులుందురు, నర్సులుందురు, వైద్యవిద్యార్థులుందురు. సూదిమందు పట్టుటయే తెలియని వడ్రంగులు, విద్యుత్తు పనివారు కూడ ఉందురు. కొందరు మూడు వారములుండి పోవుదురు. కొందరు మూడేండ్లుందురు. అరుదుగా ఒకరిద్దరు అచ్చటనే జీవితము గడుపుదురు. వచ్చునప్పుడు అందరి మనసులోను ఒకటే తలంపు: ఏమియు తెలియని జనులకు తాము తెలిసినది చెప్పవలెనని. ఈ తలంపు ఎంతో కాలము నిలువదు.

ఏలయన, మాసాయిలు ఏమియు తెలియనివారు కారు. వర్షములు కురిసిన పిమ్మట, ఫిబ్రవరి ప్రాంతమున, ఆ మైదానములపై విల్డెబీస్టు అను అడవిమృగములు లక్షలకొలదిగా గుమికూడి ఈనును. ఆ దూడలున్న చోట మేసిన పశువులకు ప్రాణాంతకమగు జ్వరము తగులునని మాసాయిలు తరతరములుగా ఎరుగుదురు. కావున ఆ ఋతువున లేతపచ్చిక కన్నులయెదుట నిగనిగలాడుచున్నను దానిని విడిచి, మందలను మెట్టభూములకు తోలుకొనిపోవుదురు. 1960లో వాల్టర్ ప్లౌరైట్ అను పశువైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ జ్వరమునకు కారణమగు వైరసును విల్డెబీస్టులలో కనుగొనిరి. కాపరులు ముందే చెప్పిన మాటను ప్రయోగశాల ఆ ఏట ఒప్పుకొన్నదన్నమాట. ఈ ప్లౌరైటే పశువుల మహామారియగు రిండర్‌పెస్టునకు మంచి టీకాను తయారుచేసినవాడు. 1890 దశకమున ఆ మహామారి తూర్పు ఆఫ్రికాలో ప్రవేశించి మాసాయిల పశువులలో అత్యధికభాగమును హరింపగా, పాలు లేక మనుష్యులును వేలకొలదిగా మరణించిరి. 2011లో ఆ రోగము భూమిపై నిర్మూలమైనట్లు ప్రకటింపబడెను.

పశువు చచ్చిన మనిషి చచ్చును అను ఎరుక గల ఈ జనులకు వైద్యము చేయువాడు పశువును గురించి మాట్లాడక తప్పదు. పచ్చిపాలవలన సోకు బ్రూసెల్లోసిస్ అను జ్వరము దీనికి నిదర్శనము. విడిచి విడిచి వచ్చు జ్వరము, కీళ్ల నొప్పులు దీని లక్షణములు. చూచుటకు మలేరియా వలెనే ఉండును. “పాలు కాచి త్రాగుడు” అని వైద్యుడు చెప్పును. సొరకాయబుర్రలో ఆలివు జాతి చెట్టు నిప్పుకణికలను త్రిప్పి, ఆ పొగవాసన పట్టించి, అందులో పాలు నిలువచేసి త్రాగు జనులకు కాచిన పాలు రుచింపవు. అయినను తేనీరు వారిని కొంతవరకు రక్షించుచున్నది. తేయాకు, చక్కెర వేసి పాలతో కాచిన ‘చాయ్’ నేడు ప్రతి బోమాలోను కలదు. వైద్యుల ఉపదేశము చేయలేని పనిని ఒక పానీయము కొంత చేసినది.

మాటలాడుటయే తొలి కష్టము. క్రొత్తగా వచ్చిన వైద్యుడు ఆంగ్లమున అడుగును. ఒక నర్సు దానిని స్వాహిలీలోనికి మార్చును. మరియొకరు దానిని మా భాషలో వృద్ధురాలికి వినిపింతురు. జవాబు ఇదే మెట్లు ఎక్కి తిరిగి రావలెను. “నీ వయస్సెంత?” అని అడిగినచో సంఖ్య రాదు. ఏ వయోవర్గమువారు యోధులుగా నున్నప్పుడు తాను పుట్టినదో ఆమె చెప్పును. దానినిబట్టి లెక్కకట్టుకొనవలసినది వైద్యుడే. పిల్లలు పెద్దల యెదుటికి వచ్చి తల వంచి నిలుతురు. పెద్దలు ఆ తలపై అరచేయి మోపుదురు. ఇదియే వారి పలకరింపు. ఈ పలకరింపు ముగియక మునుపే గొట్టము తీసి ఛాతీపై పెట్టు వైద్యుని పిల్లలు భయముతో చూచుటలో వింతయేమి?

ఇక గర్భిణుల సంగతి. మాసాయి స్త్రీలలో చాలమంది కడపటి మాసములలో ఆహారము తగ్గించుకొందురు. పాలు, మాంసము మాని పలుచని ఆహారముతో గడుపుదురు. ఈ మాట వినగానే చదువుకొన్న సేవకురాలికి కోపము వచ్చును. “బిడ్డ ఎట్లు పెరుగును? నీకు రక్తమెట్లు పట్టును?” అని మందలించును. స్త్రీ మౌనముగా వినును; ఇంటికి పోయి మరల అట్లే చేయును. కొంతకాలము గడచినపిమ్మట గాని ఆ సేవకురాలికి అసలు సంగతి బోధపడదు. బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగును. కష్టమైనచో కడుపు కోసి బిడ్డను తీయు వైద్యుడు రెండు దినముల నడక దూరమున నున్నాడు. చిన్న బిడ్డ పుట్టినచో తల్లియైనను బ్రతుకును. శస్త్రవైద్యుడు లేని చోట తల్లుల అనుభవము కట్టుకొన్న లెక్క ఇది. ఈ లెక్కవలన రక్తహీనత కలుగుట నిజము, బలహీనులైన శిశువులు పుట్టుటయు నిజము. కాని దీనిని మూఢత్వమని కొట్టివేయుట తగదు. లెక్క మారవలెనన్నచో ముందు దూరము మారవలెను. అందుచేతనే కొన్ని మిషను ఆసుపత్రులు తమ ఆవరణలోనే చిన్న ఇండ్లు కట్టి, నెలలు నిండిన స్త్రీలు ముందుగా వచ్చి అచ్చట వండుకొని తిని, ప్రసవ దినమునకై వేచియుండునట్లు ఏర్పాటు చేసినవి. దానికిని భర్త అనుమతి కావలెను, అత్తగారి అనుమతి కావలెను. ఇంటివద్ద పాలు పితుకుటకు మరియొక స్త్రీ కావలెను. ఆ మరియొక స్త్రీ దొరకకయే ఎందరో తల్లులు ఆలస్యముగా బయలుదేరుదురు.

క్షయరోగము మరియొక చిక్కు. దీని మందులను మాసములతరబడి విడువక మ్రింగవలెను. కాపరి ఒక చోట నిలుచువాడు కాడు. గడ్డి ఎచ్చట ఉన్నదో అచ్చటికి పోవును. దగ్గు తగ్గగానే మందు మాని మందవెంట వెళ్లినచో రోగము మరల లేచును. అప్పుడు మొదటి మందులు పనిచేయకపోవచ్చును. ఈ చిక్కునకు ఉపాయమును కనుగొన్నవారిలో ఒకరు అన్నలెనా టొనెల్లి అను ఇటలీ దేశపు స్త్రీ. ఈమె 1943లో జన్మించెను. 1969లో ఉపాధ్యాయురాలిగా కెన్యా చేరెను. మాసాయి ప్రాంతమున గాక ఈశాన్య కెన్యాలోని వజీర్ అను ఎడారిపట్టణమున, సోమాలీ పశుపాలకుల నడుమ ఆమె నివసించెను. జీతము లేదు, ఏ సన్యాసిని సంఘమునకును చెందినది కాదు. సంచారజనుల క్షయచికిత్సకై 1976లో ఆరంభమైన ప్రయోగము ఆమె చేతికి వచ్చెను. రోగులను మంచములపై పడుకొనబెట్టక, ఆసుపత్రి దాపున వారు తమ ఆచారము ప్రకారము తమ గుడిసెలనే వేసికొని కుటుంబములతో నుండనిచ్చెను. ప్రతిదినమును తన కన్నుల యెదుట మందు మ్రింగించెను. ఆరు మాసములు ముగిసిన పిమ్మటనే పంపెను. ఇట్టి గుడిసెల వాడలకు ‘మన్యాటా’ అను పేరు వచ్చినది. అది మాసాయిల పల్లెలకు వాడుకలో నున్న మాటయే. ఆమె తరువాత సోమాలియాకు పోయి అదే సేవ సాగించెను. శరణార్థుల సేవకై ఐక్యరాజ్యసమితి ఇచ్చు నాన్సెన్ బహుమానమును 2003లో అందుకొనెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే బొరామా పట్టణమున తన ఆసుపత్రి ఆవరణలో తుపాకిగుండ్లకు బలియయ్యెను.

అన్ని ఉపాయములును ఇంత కష్టసాధ్యములు కావు. కెన్యాలోని కజియాడో ప్రాంతమున మాసాయి కుటుంబముల నడుమ జరిగిన ఒక పరీక్షకు కావలసినవి ప్లాస్టిక్ సీసాలు, సూర్యుడు మాత్రమే. అచ్చటివారు త్రాగునది పశువులు దిగు గుంటలలోని నీరు. కట్టెలు అరుదు గనుక కాచి త్రాగుడని చెప్పుట సులభము గాని చేయుట సులభము కాదు. నీటిని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో నింపి కొన్ని గంటలు తీవ్రమైన ఎండలో నుంచినచో, సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములును వేడిమియు కలిసి అందలి సూక్ష్మజీవులను చంపును. ఇది పల్లెలో నిజముగా పనిచేయునా? ఐర్లండు దేశపు శాస్త్రజ్ఞులును, అచ్చటి స్వచ్ఛంద కార్యకర్తలును 5 మొదలు 16 సంవత్సరముల వయస్సు గల 206 మంది పిల్లలను రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు సీసాలను ఇంటి కప్పుపై ఎండలో నుంచిరి. రెండవ జట్టువారు అట్టి సీసాలనే ఇంటిలోపల నీడలో నుంచిరి. ఎండ సోకిన నీరు త్రాగిన పిల్లలకు అతిసారము తక్కువగా వచ్చినట్లు 1996లో ప్రకటించిరి.

తరువాత ఆ ప్రాంతమున కలరా వ్యాపించెను. అప్పుడు ఈ సీసాలకు అసలైన పరీక్ష వచ్చినది. ఆరు సంవత్సరముల లోపు పిల్లలలో, ఎండనీరు త్రాగిన 155 మందికి గాను ముగ్గురికి మాత్రమే కలరా సోకెను. మామూలు నీరు త్రాగిన 144 మందిలో 20 మందికి సోకెను. పెద్దవారిలోను, పెద్దపిల్లలలోను ఇట్టి భేదము కనబడలేదు. పసివారికి త్రాగుటకిచ్చునది ఇంటి సీసాలోని నీరు; పెద్దలు తిరిగిన చోట దొరికిన నీరు త్రాగుదురు. భేదమునకు ఇది కారణము కావచ్చును. బురదనీటిలో కిరణములు లోతునకు చొరవు; మబ్బు పట్టిన దినమున ఒక పగలు చాలదు. ఈ కొరతలున్నను, రూపాయి ఖర్చులేని ఆ సీసా ఒక పల్లెలో పసివారి ప్రాణములను కాపాడినది.

రాలేని రోగులయొద్దకు వైద్యులే పోవుటకై విమానములను వాడుట మరియొక మార్గము. 1957లో మైకేల్ వుడ్, ఆర్చిబాల్డ్ మెకిండో, టామ్ రీస్ అను ముగ్గురు శస్త్రవైద్యులు తూర్పు ఆఫ్రికాలో ఎగిరే వైద్యసేవను ప్రారంభించిరి. చిన్న విమానము గడ్డినేలపై దిగును. దిగుటకు మునుపు ఒకమారు తక్కువ ఎత్తున చుట్టివచ్చి, ఆవులను, చారలగుర్రములను బెదరగొట్టవలెను. చెట్టుక్రింద తల్లులు బిడ్డలతో వేచియుందురు. టీకాలుంచిన మంచుపెట్టె కరగక మునుపే పని ముగించుకొని మరల లేచిపోవలెను.

విదేశమునుండి వచ్చు సహాయమంతయు ఉపయోగపడునని తలపరాదు. గడువు తీరబోవు మందుల పెట్టెలు, భాగములు దొరకక మూలబడిన యంత్రములు, అచ్చటి విద్యుత్తునకు సరిపడని పరికరములు అనేక మిషను ఆసుపత్రుల గిడ్డంగులలో ధూళి కప్పుకొని యుండును. మూడు వారములకు వచ్చిన విద్యార్థికి పని నేర్పుటలో అచ్చటి నర్సు పని మూడు వారములు వెనుకబడుటయు కలదు. ఏమి తేవలెనో ముందుగా వ్రాసి అడిగి, అడిగినదే తెచ్చువాడు మేలు. విరిగిన నీటిగొట్టమును బాగుచేసి, బాగుచేయుటను మరియొకనికి నేర్పి పోయిన పనివాడు, గొప్ప వైద్యునికంటె ఎక్కువకాలము జ్ఞాపకముండుట కలదు. ఆసుపత్రిని నిజముగా మోయుచున్నవారు ఆ దేశపు నర్సులు, వైద్యాధికారులు. వారిలో మా భాష పుట్టుకతో వచ్చినవారు తల్లికి ఒక మాట చెప్పినచో, రెండు దుబాసీలు దాటి వచ్చిన పది మాటలకంటె అది ఎక్కువ పనిచేయును.

ఎండులెన్‌కు మరియొక ఆపద సంభవించెను. 1959లో న్గోరోంగోరో భూములలో సుమారు 8,000 మంది మాసాయిలుండగా, తరువాతి కాలమున ఆ సంఖ్య లక్షకు చేరినది. మనుష్యులును పశువులును పెరిగినచో వన్యమృగములు నిలువవని టాంజానియా ప్రభుత్వము చెప్పెను. 2022 జూన్ మాసమునుండి, సుమారు 600 కిలోమీటర్ల దూరమున హందేని ప్రాంతమందలి మ్సోమెరా అను గ్రామమునకు కుటుంబములను తరలింప నారంభించెను. ఇష్టమైనవారే పోవుచున్నారని ప్రభుత్వము. పాఠశాలలకు, ఆసుపత్రికి సహాయము తగ్గించి పోక తప్పని స్థితి కల్పించుచున్నారని నివాసులు. ఎండులెన్ ఆసుపత్రిలో సేవలు కుదించబడినవని 2024లో మానవహక్కుల సంఘమొకటి తన నివేదికయందు వ్రాసెను. ఆ సంవత్సరము ఆగస్టులో వేలకొలది మాసాయిలు ఎర్రని షూకాలు ధరించి న్గోరోంగోరో రాచబాటపై బైఠాయించిరి. యాత్రికుల వాహనములు వరుసగా నిలిచిపోయినవి. ఆ జనములో గడ్డికొమ్మలను చేతపట్టిన స్త్రీలు అనేకులుండిరి. మాసాయిలలో పచ్చిగడ్డి శాంతికి చిహ్నము. వారు కోరిన కోర్కెలు భూమి, ఓటు, పాఠశాల, ఆసుపత్రి.